తెలుగు పేర్లను మధ్యలో తెంచే లైబ్రరీ: మన దగ్గరే సరిచేసుకోవాలా, మూలానికి పంపాలా?

ప్రశ్న

పొదుపు సంఘాల సభ్యులు కట్టే వాయిదాలకు రసీదులు ముద్రించే అప్లికేషన్‌ మీద నేను పని చేస్తున్నాను. రసీదు కాగితం సన్ననిది కావడంతో, మేము వాడే ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా తీసుకుని తమ ప్రోగ్రాములో వాడుకోగల సిద్ధ కోడు) సభ్యుల పేరులో మొదటి 10 అక్షరాలను ఉంచి మిగిలినవి తీసేస్తుంది. పేర్లు ఇంగ్లీషులో ఉన్నంత కాలం దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. గత నెల తెలుగులో ముద్రించడం మొదలుపెట్టాక, వెంకటలక్ష్మి అనే పేరు “వెంకటలక్ష్” అని పొల్లుతో ఆగిపోయింది. రసీదు తనది కాదేమో, డబ్బు వేరొకరి ఖాతాలో పడిందేమో అని ఆమె కంగారుపడి ఆ రోజు మూడు సార్లు ఫోన్ చేశారు.

కారణం వెతికాను. మనం ఐదక్షరాలుగా పలికే ఆ పేరు పైథాన్‌ అనే ప్రోగ్రామింగ్ భాష లెక్కలో 12 యూనికోడ్ సంకేతాలు (అక్షరాలకూ గుర్తులకూ కంప్యూటరులో ఇచ్చిన సంఖ్యలు). ఎత్వం, సున్న, పొల్లు, గుడి అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక పదో సంకేతం దగ్గర కోస్తే “మి” పోయి పొల్లు మిగిలింది. అదే లైబ్రరీ, కంటికి కనిపించని సంకేతాలన్నిటినీ చెత్తగా భావించి ముందే తుడిచేస్తోంది. దానివల్ల “రాజ్‌కుమార్” అన్న పేరు జకు క వత్తు తగిలి “రాజ్కుమార్” అవుతోంది.

ఈ పనులు చేసే నాలుగు కోడు వరుసలను మా దగ్గరున్న లైబ్రరీ కాపీలో మార్చుకుని ముందుకు వెళ్లమని మా మేనేజర్ గారు అంటున్నారు. సవరణను మూలానికి, అంటే ఆ లైబ్రరీని నిర్వహించేవారికి, పంపడమే న్యాయమని నాకు అనిపిస్తోంది, కానీ సరైన పద్ధతి ఏమిటో తెలియకుండా పంపడానికి జంకుతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

ముందుగా కోత సంగతి చూద్దాం. యూనికోడ్ ప్రమాణంలో, చదివేవారికి ఒకే అక్షరంగా తోచే సంకేతాల గుంపును గుర్తించడానికి నియమాలు ఉన్నాయి. కోయవలసి వస్తే ఆ గుంపుల హద్దుల దగ్గరే కోయాలి. అయితే 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 సంచిక వరకు ఆ నియమాలు మన సంయుక్తాక్షరాలను పొల్లు తరువాత విడదీసేవి. అప్పటి లెక్కలో లక్ష్మి అంటే ల, క్, ష్, మి అని నాలుగు గుంపులు. ఇప్పుడు ల, క్ష్మి అని రెండే. అందువల్ల మీరు వాడే సాధనం ఏ యూనికోడ్ సంచికను అనుసరిస్తోందో తప్పకుండా చూసుకోండి. యూనికోడ్ నియమాలను అమలు చేసే ఐసీయూ లైబ్రరీ అయితే 74వ సంచికతో ఈ మార్పు వచ్చింది. మీ రసీదులు కన్నడంలో కూడా ముద్రించే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త అవసరం: 15.1లో ఈ కొత్త నియమం తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు వర్తించింది గాని, మన లిపికి తోబుట్టువైన కన్నడానికి వర్తించలేదు.

రాజ్‌కుమార్‌లో జ్ తరువాత ఉన్న కనిపించని సంకేతం చెత్త కాదు. వత్తు కలపవద్దు, పొల్లును అలాగే చూపించు అని ఫాంటుకు చెప్పేది అదే. సాఫ్ట్‌వేర్ అన్న మాటను సరిగ్గా రాయాలన్నా అదే కావాలి. వెతికేటప్పుడు దాన్ని పట్టించుకోకపోవడం సబబే, కానీ ముద్రించేటప్పుడు తుడిచివేయడం అంటే మనిషి పేరు మార్చడమే.

అన్నిటికంటే ముఖ్యమైనది, అసలు అక్షరాలు లెక్కపెట్టడమే ఇక్కడ సరైన కొలత కాదు. 58 మిల్లీమీటర్ల కాగితం వాడే ప్రింటరులో వరుసకు సాధారణంగా 384 చుక్కలు పడతాయి. ఆ ప్రింటర్లలో తెలుగు ఫాంటు ఉండదు కనుక మీరు ఎలాగూ పేరును బొమ్మగా మార్చి పంపుతూ ఉంటారు. ఆ బొమ్మ వెడల్పునే కొలవండి. పైథాన్‌లో బొమ్మలు తయారుచేసే పిల్లో లైబ్రరీని వాడుతున్నట్లయితే, అందులో అక్షరాలను పేర్చే పద్ధతుల్లో రాక్మ్ లేఅవుట్‌ను ఎంచుకుంటే అది లోపల, అక్షరాల ఆకారాలను కూర్చే సాధనమైన హార్ఫ్‌బజ్ సహాయంతో వత్తులను వాటి చోట్లలో కూర్చి, ఆ తరువాతి వెడల్పు చెబుతుంది. ప్రాథమిక లేఅవుట్‌లో వత్తులు చెదిరిపోతాయి. పేరు పట్టకపోతే రెండో వరుసలోకి పంపండి. నాలుగు మిల్లీమీటర్ల కాగితం ఆదా చేయడానికి ఒకరి పేరును కోయనక్కరలేదు.

రెండవ సమాధానం

మూలానికి తప్పక పంపండి. మీ కాపీలో మార్చిన వరుసలను ప్రతి కొత్త సంచికకూ మళ్లీ అతికించుకోవాలి. రెండేళ్ల తరువాత మీ స్థానంలో ఉన్నవారికి ఆ వరుసలు ఎందుకున్నాయో తెలియక తీసేస్తారు.

ఎలా పంపాలన్నది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఒకసారి వేరే ప్రాజెక్టుకు “స్త్రీ” అన్న మాట చెదిరిన బొమ్మ తీసి, తప్పుగా కనిపిస్తోందని ఒక్క వాక్యం రాసి పంపాను. నిర్వాహకునికి తెలుగు రాదు. ఆయన ఆ బొమ్మనూ, తన తెర మీది బొమ్మనూ పక్కపక్కన పెట్టి, ఈ రెంటిలో ఏది సరైనదని మర్యాదగా అడిగారు. నాకు కంటికి కొట్టినట్లు కనిపించే తేడా ఆయనకు రెండు గీతల తేడా మాత్రమే. అప్పుడు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలనూ వరుసగా రాశాను. తకారం స కింద వత్తుగా రావాలని, రకారం క్రారవడిగా మారాలని, గుడిదీర్ఘం స మీదే కూర్చోవాలని వివరించి, ఫాంటు పేరు, దాని సంచిక సంఖ్య కూడా ఇచ్చాను. దానికి తోడుగా ఆ మాట సరిగ్గా వస్తోందో లేదో చూసే ఒక చిన్న పరీక్ష కోడును జతచేశాను. వారం తిరగకుండా మార్పు చేరింది. ఆ పరీక్ష ఈనాటికీ ప్రతి మార్పుకు ముందు నడుస్తోంది. నాకు ఎక్కువ సంతోషం కలిగించేది అదే.

మూడవ సమాధానం

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట. నిర్వాహకులు చాలామంది తీరిక వేళల్లో పని చేస్తారు, జవాబుకు నెలలు పట్టవచ్చు. అంతవరకు రసీదు మీద తప్పుడు పేరు ఉండకూడదు. కనుక ఈ రోజే మీ కాపీలో సరిచేయండి, ఆ వరుసల పైన మూలానికి పంపిన ప్రతిపాదన సంఖ్యను వ్యాఖ్యగా రాయండి. మూలంలో చేరిన రోజున మీ వరుసలు తీసేయవచ్చు. మీ మేనేజర్ గారి మాటకూ, మీ మాటకూ పొత్తు కుదురుతుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. తుడిచివేత వరుసను ఈ ఉదయం తొలగించాను, పేరు పట్టకపోతే రెండో వరుసకు వెళ్లేలా మార్చాను. మా మేనేజర్ గారు శుక్రవారం ఒక పూట సమయం ఇచ్చారు. మూలానికి పంపే పరీక్షలో వెంకటలక్ష్మి, రాజ్‌కుమార్, స్త్రీ మూడూ పెడుతున్నాను. పొల్లుతో ముగిసే పేర్లలో ఇంకా ఇబ్బంది పెట్టేవి ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండి, వాటినీ చేరుస్తాను.