కొట్టు చిన్నది, సామాను పాతది: ఎలా అమర్చుతున్నారు? దేన్ని మార్చి అమ్ముతున్నారు?

గోదావరిగట్టు:
రాజమహేంద్రవరంలో నాకు చిన్న పాత సామాన్ల కొట్టు ఉంది. నలుగురు లోపలికి వస్తే ఐదో మనిషి గుమ్మంలో ఆగాలి. కోనసీమలో మండువా ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే సామానే ఎక్కువ. భోషాణం, ఉయ్యాల బల్ల, గంగాళాలు, జాడీలు, ఇత్తడి కొలత పాత్రలు, చెక్కడపు తలుపులు, కుట్టు మిషను స్టాండు ఇలా. అన్నీ బయట పెడితే గుజిరీ కొట్టులా ఉంటోంది, తగ్గించి పెడితే సగం సామాను ఇంట్లోనే మూలుగుతోంది. పైగా వచ్చినవాళ్లు "బాగుంది కానీ దీంతో ఏం చేసుకోవాలండీ?" అంటున్నారు. బిందెను దీపంగా, తలుపును బల్లగా మార్చి పెడితే ఇట్టే పోతాయని ఒక మిత్రుడి సలహా. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

చార్మినార్‌నీడ:
గుజిరీ అంటే చిన్నచూపు వద్దండీ. మా హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజారుకు వచ్చేవాళ్లలో చాలామందికి వెతుక్కోవడమే సరదా. కుప్పలోంచి తానే తీసిన వస్తువుకు మనిషి బేరం కూడా తక్కువ ఆడతాడు. అందుకని మా కొట్టులో గుమ్మం పక్కన ఒక్క గంప మాత్రం చిందరవందరగా ఉంచుతాను. తాళం చెవులు, గొళ్లేలు, 1943–47 నాటి చిల్లి కాసులు, మూత పోయిన కుంకుమ భరిణెలు అందులోనే. మిగతా కొట్టంతా గదుల వరుస. ఒక మూల వంటిల్లు, ఒక గోడ పూజ గది, వీధి వైపు పడక కుర్చీ, దాని పక్కన రేడియో. వస్తువు తన చోట తాను కనిపిస్తే "ఏం చేసుకోవాలి" అన్న ప్రశ్న సగం తగ్గుతుంది.

అత్తగారిల్లు:
కొనేదాన్నే తప్ప అమ్మేదాన్ని కాను, అయినా ఒక మాట. కొలత పాత్రలను విడివిడిగా అమ్మకండి. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, కుంచం ఎత్తు ప్రకారం వరుసగా పెట్టి, పక్కన ఒక చీటీ రాయండి: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఆ చీటీ ముందు తాతయ్యలు ఆగిపోతారు, మనవలకు చెప్పడం మొదలుపెడతారు. ధర అడిగేది ఆ తరువాతే.

రంపంపొట్టు:
నేను పాత కలప బాగుచేసే పనివాణ్ని. ఆ మిత్రుడి సలహా సగమే వినండి. నిండుగా ఉన్నదాన్ని కోయకూడదు, ఇప్పటికే సగం పోయినదాన్ని మార్చవచ్చు. ద్వారబంధంతో సహా దొరికిన తలుపు జతను ఇల్లు కట్టుకునేవాళ్లు వెతుక్కుంటూ వచ్చి కొంటారు, దాన్ని బల్ల చేస్తే బల్ల ధరే వస్తుంది. ఒంటి రెక్క మిగిలితే మాత్రం నిరభ్యంతరంగా బల్ల చేయండి. చెక్కడం మీద మేకు దిగకూడదు. రబ్బరు బిళ్లలు పెట్టి పైన మందపాటి అద్దం ఆనిస్తే చాలు. కుట్టు మిషను పోత ఇనుప స్టాండుకు టేకు పలక వేయండి. తొక్కుడు పలకనూ చక్రాన్నీ తీసేయకండి, అందం అక్కడే ఉంది.

భోషాణం మూత బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అదే మీ గల్లా బల్ల. ఇంట్లో మూలుగుతున్న సామానంతా దాని కడుపులోకే పోతుంది.

రెండు జాగ్రత్తలు. చెక్క కింద సన్నని పొడి రాలుతుంటే పుచ్చు పురుగు లోపల బతికే ఉందన్నమాట. దాన్ని మందు పెట్టేదాకా మిగతా కలపకు దూరంగా ఉంచాలి. పాత తలుపుల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ముక్కుకు గుడ్డ కట్టుకున్నంత మాత్రాన సరిపోదు. పొడిగా గీకించకండి, పిల్లలు తిరిగే చోట అసలే వద్దు.

కంచుమోత:
లోహం సంగతి నేను చెబుతాను. అన్నిటినీ చింతపండుతో తోమి తళతళలాడించాలనే ఉబలాటం మానాలి. నల్లబడ్డ ఇత్తడిని ఎప్పుడైనా తోమవచ్చు, తోమేశాక ఆ పాత రంగు మళ్లీ రావాలంటే ఏళ్లు పడుతుంది. ఒక జత బిందెలు ఉంటే ఒకటి తోమి, ఒకటి అలాగే ఉంచి పక్కపక్కన పెట్టండి. ఎవరికి ఏది నచ్చుతుందో వాళ్లే చెబుతారు.

బిద్రీ వస్తువులు వస్తే మాత్రం పొడి, పులుపు, పాలిష్ ఏదీ తగలనివ్వకండి. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, చివర బీదర్ కోట మట్టిలో నవాసాగరం కలిపిన నీళ్లతో నల్లబరుస్తారు. ఆ నలుపు పైపూతే. అది పోతే వెండి పనితనం కంటికే ఆనదు. మెత్తటి పొడిగుడ్డ, ఎప్పుడైనా ఒక చుక్క కొబ్బరి నూనె, అంతే.

కొన్నవాళ్లు వంటకు వాడతామంటే లోపల కళాయి, అంటే తగరం పూత, వేయించి ఇవ్వండి. ఉత్త ఇత్తడిలో పులుసు ఉంచితే చిలుము దిగుతుంది. ఇంకో మాట కూడా చెప్పి పంపండి: తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టి మరిచిపోతే కళాయి కారిపోతుంది.

తీగమనిషి:
బిందె దీపం గురించి అడిగారు కదా. అడుగున రంధ్రం వేయించడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే నష్టం కూడా. మూతికి సరిపోయే రబ్బరు బిరడాకు హోల్డరు బిగించి, తీగను బిరడా పక్క నుంచే బయటికి తెస్తే బిందెకు గీత కూడా పడదు. వద్దనుకున్న రోజు బిరడా తీసి నీళ్లు పోసుకోవచ్చు. లోహపు వస్తువు కాబట్టి మూడు తీగల వైరు వాడి ఎర్తు తప్పకుండా కలపండి, లేదా 12 వోల్టుల ఎల్‌ఈడీ పెట్టండి. పాత లాంతర్లు, రేడియోల్లో గుడ్డ చుట్టిన వైరు ఉంటే ప్లగ్గు పెట్టి చూపించే సాహసం చేయవద్దు.

కొట్టు వెలుతురుకు 2700 కెల్విన్ పసుపు కాంతి బల్బులు పక్క నుంచి పడాలి. నెత్తిన తెల్లటి ట్యూబు లైటు వెలిగితే ఎంత మంచి ఇత్తడైనా స్టీలు సామానులా కనిపిస్తుంది. రవివర్మ ప్రెస్ పటాల వంటి పాత ముద్రణలకు ఎండ తగలని గోడ ఇవ్వండి. చీకట్లో తమంతట తాము మెరిసే ముళ్లున్న పాత గడియారాలను విప్పకండి, వాటిలో రేడియం పూత ఉండవచ్చు.

న్యూజెర్సీకోడలు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఈసారి వచ్చినప్పుడు ఒక పాత కంచు విగ్రహం కొని ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

చార్మినార్‌నీడ:
అమ్మా, ముందు దాని వయసు తేలాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, లోహపు పనితనాలు పురావస్తువులు. రాతప్రతులకైతే 75 ఏళ్లే. వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం, ఇక్కడ వ్యాపారంగా అమ్మాలన్నా లైసెన్సు కావాలి. అంత పాతది కాకపోతే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి "పురావస్తువు కాదు" అన్న ధ్రువపత్రం తీసుకుని తెచ్చుకోండి. విగ్రహం ఏ గుడిదో తెలియనప్పుడు నేనైతే ముట్టుకోను.

గోదావరిగట్టు గారూ, మీకూ ఇదే వర్తిస్తుంది. ఇళ్లు పడగొట్టేటప్పుడు తాళపత్రాలు వస్తుంటాయి, వాటిని చట్రంలో బిగించి గోడకు తగిలించే ఫ్యాషను ఒకటి మొదలైంది. నాకది అసహ్యం. చదవగలిగేవాళ్ల చేతికి, ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేర్చండి. ఏనుగు దంతం వస్తువు అయితే కొనవద్దు, అమ్మవద్దు.

అమ్ముడుపోని పెద్ద సామానుకు ఇంకో దారి ఉంది: సినిమా కళా విభాగాలకు అద్దె. వస్తువు ధరకు తగ్గ బయానా తీసుకుని, ఇచ్చేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోండి.

గోదావరిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. తలుపుల జోలికి పోను, స్టాండుకు పలక వేయిస్తాను. కొలత పాత్రల చీటీ ఈ రోజే రాస్తున్నాను. ఉయ్యాల బల్లను గొలుసులతో వేలాడదీసి దాని మీద జాడీలు పెడదామని ఉంది. రంపంపొట్టు గారూ, ఆగుతుందా?

రంపంపొట్టు:
కొక్కెం దూలానికైనా, స్లాబు ఇనుప చువ్వకైనా తగిలితేనే పెట్టండి, ఉత్త సిమెంటు పూతలో దిగిన కొక్కేన్ని నమ్మకండి. జాడీలు కాకుండా తేలికైన బుట్టలూ లాంతర్లూ పెట్టండి. బల్లను నడుము ఎత్తుకు పైగా కట్టండి. కింద ఉంటే, మీరు ఎన్ని బోర్డులు రాసి పెట్టినా పిల్లలు ఎక్కి ఊగుతారు, వాళ్ల వెనకే పెద్దవాళ్లూ.