నీల్ ద్వీపానికి వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి

పాలమూరు_బాటసారి:
హ్యావ్‌లాక్ దీవిలో జనం ఎక్కువంటున్నారు, అందుకే అండమాన్‌లో నీల్ మీదకు పోయింది మనసు. డిసెంబరులో అనుకుంటున్నాం. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రావచ్చా, రాత్రి ఉండాలా? అమ్మ పూర్తి శాకాహారి, చేపలు వండిన గిన్నె కూడా ముట్టదు. ఏటీఎం, సిగ్నల్ ఉంటాయా? చిన్నోడు సముద్రంలో ఈత కొడతానని ఇప్పట్నుంచే గంతులేస్తున్నాడు.

కోదాడ_రూట్:
రాత్రి ఉండాల్సిందే. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళకు భరత్‌పూర్ బీచ్‌లో గ్లాస్ బోటు (అడుగున అద్దం ఉన్న పడవ) కోసం నిలబడటం తప్ప ఇంకేం మిగలదు. ఆఖరి ఫెర్రీ కదిలాకే నీల్ నిశ్శబ్దంగా ఉంటుంది. చలికాలంలో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది, లక్ష్మణ్‌పూర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగున్నరకే చేరుకోండి. టికెట్ల కోసం షహీద్ ద్వీప్ అని వెతకండి, 2018లో పేరు మార్చారు.

సాగర్_ఎడమకాల్వ:
ఈతకు భయమెందుకన్నా? మేమంతా మోటబావిలో పైనుంచి దూకి నేర్చుకున్నోళ్ళమే. ఉప్పునీళ్ళలో మనిషి ఇంకా తేలుతాడు. లైఫ్ జాకెట్లు పట్నపోళ్ళకు.

దేవరకొండ_టీచరమ్మ:
చిన్నపిల్లాడి గురించి అడిగితే ఇదా చెప్పేది? బావిలో నీళ్ళు కదలవు, అలసిపోతే మెట్టు దొరుకుతుంది. సముద్రంలో ఒక్కోచోట నీళ్ళు లోపలికి లాగుతాయి. ఎదురీదినవాళ్ళే సోలిపోయి మునుగుతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలి.

సాగర్_ఎడమకాల్వ:
వరద కృష్ణలో అవతలి ఒడ్డు చూసొచ్చినోణ్ణి మేడమ్. పుస్తకం పట్టుకొని నాకు చెప్పకండి.

దేవరకొండ_టీచరమ్మ:
మీలాంటోళ్ళ గొప్పలు వినే మా బడి పిల్లలు చెప్పాపెట్టకుండా నీళ్ళలో దిగుతున్నారు.

అచ్చంపేట_స్కూబా:
ఇద్దరూ ఆగండి. ఇక్కడ డైవింగ్ సర్టిఫికెట్ ఉన్నది నాకొక్కడికే అనుకుంటా. నీల్‌లో ముందు తెలియాల్సింది ఆటుపోట్ల టైం. ఆటు వేళ భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ దగ్గర నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి పగడపు రాళ్ళు బయటపడతాయి, ఈత మాట మర్చిపోవాలి. నేచురల్ బ్రిడ్జి అనే రాతి తోరణం చూడాలంటే మాత్రం ఆ ఆటే కావాలి. అమావాస్యకూ పున్నమికీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. టైం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటుంది కాబట్టి పోయిన వారం వెళ్ళొచ్చినోళ్ళు చెప్పింది మీకు పనికిరాదు, రూమువాళ్ళనే అడగండి. బూట్లలాంటి చెప్పులు తప్పనిసరి, పగడం గీరుకుంటే పుండు తొందరగా మానదు. స్కూబా చేస్తే విమానానికి ఒక రోజు గ్యాప్ ఉంచుకోండి.

సాగర్_ఎడమకాల్వ:
మోకాలి లోతు నీళ్ళకు సర్టిఫికెట్ ఎందుకు సారూ?

కోస్గి_కోడలు:
గవ్వల సంగతి ఎవరూ చెప్పరేం! మా అత్తమ్మ ఒడ్డున ఏరిన గవ్వలు, తెల్లగా ఎండిన పగడం ముక్క చీర మడతల మధ్య దాచింది. తిరుగు ప్రయాణంలో స్కానర్‌లో దొరికిపోయింది. "సముద్రమే బయట పారేసింది, నేను దొంగతనం చేసిన్నా?" అని అందరి ముందు ఒకటే లొల్లి. చచ్చిన పగడమైనా తేకూడదు, వన్యప్రాణి చట్టం కింద నేరం.

మోత్కూరు_తాటివనం:
ఇన్ని రూల్స్ ఉన్నచోటికి ఎందుకు, లక్షద్వీప్ పోండి.

కోదాడ_రూట్:
దానికి ముందే పర్మిట్ తీసుకోవాలి, అండమాన్‌లో నీల్‌కు మనకు ఆ బాధ లేదు. పైగా లక్షద్వీప్‌లో బంగారం అనే దీవిలో తప్ప మందు దొరకదు.

మోత్కూరు_తాటివనం:
అన్ని కొబ్బరిచెట్లు పెట్టుకొని కల్లు కూడా లేదా! మా ఊరి తాటికల్లు ముందు ఏ బీచ్ అయినా దండగే.

దేవరకొండ_టీచరమ్మ:
ఇక కల్లు మీద పడ్డారా.

పాలమూరు_బాటసారి:
అమ్మ తిండి సంగతి?

కోస్గి_కోడలు:
నీల్‌లో కూరగాయలు బాగా పండుతాయి, ఆకలితో ఉండాల్సిన పని లేదు. కానీ ఎక్కువగా బెంగాలీ కుటుంబాలు, చాలా వంటిళ్ళలో చేప ఉంటుంది. వెజ్ వంటగది వేరుగా ఉందా అని బుకింగ్‌కు ముందే ఫోన్‌లో అడగండి. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) అయితే తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆమెకు టెన్షన్ ఉండదు. డబ్బులు చేతిలోనే ఉంచుకోండి, ఏటీఎంను నమ్ముకోవద్దు. మేం సకినాలు, జొన్నరొట్టెలు, మామిడి పచ్చడి పట్టుకెళ్ళాం.

సాగర్_ఎడమకాల్వ:
పచ్చడి చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. చెక్-ఇన్ బ్యాగులో వేయండి, మూత మీద టేప్ చుట్టండి. దీనికి కూడా సర్టిఫికెట్ అడుగుతారా సారూ?