బొద్దింకని చూస్తే నాకొచ్చేది భయమా, అసహ్యమా?

నిద్రరాని_పిట్ట:
చిన్నప్పట్నుంచీ నాకు బొద్దింకంటే భయం అనే చెప్పుకుంటున్నా. మొన్న రాత్రి ఒకటి ఎగిరొచ్చి చేతిమీద వాలింది, కెవ్వుమన్నా, సరే అది భయమే అనుకుందాం, కానీ దాన్ని చంపి పారేశాక కూడా చెయ్యి రుద్ది రుద్ది కడుగుతూనే ఉన్నా, కడుపులో ఒకటే తిప్పుడు. చచ్చినదానికి భయపడేదేముంది? మెదడులో ఈ రెండూ ఒకటేనా?

పాత_మాస్టారు:
ఒకటి కాదండీ, మీకు రెండూ వెంటవెంటనే వచ్చాయి. భయం అనగానే అందరూ చెప్పేది అమిగ్డలా, బాదం గింజ ఆకారంలో మెదడు లోపల రెండు పక్కలా ఉంటుంది. అసహ్యానికి ఎక్కువగా చెప్పేది ఇన్సులా అనే ఇంకో మెదడు భాగం, రుచి తెలియడం, కడుపులో తిప్పడం లాంటివాటితో కూడా దానికి సంబంధం ఉంది. 2003లో ఒక ప్రయోగం వచ్చింది, జనాన్ని స్కానర్లో పడుకోబెట్టి కంపు వాసన చూపించారు, అసహ్యంగా మొహం పెట్టినవాళ్ళ వీడియోలు కూడా చూపించారు, రెండిటికీ ఇన్సులాలో అదే చోటు స్పందించింది. పక్కవాడు ఛీ అన్నా మనకి ఒళ్ళు జలదరించేది అందుకేనేమో. మొహం చూసినా తెలుస్తుంది, భయపడితే కళ్ళు పెద్దవైపోతాయి, అసహ్యమేస్తే కళ్ళు చికిలించి ముక్కు ముడుచుకుంటాం.

సగం_డాక్టర్:
మాస్టారూ, అమిగ్డలా అంటే భయం, ఇన్సులా అంటే అసహ్యం అని గదులు పంచేసినట్టు చెప్పలేం, అసహ్యమైన ఫొటోలకి అమిగ్డలా కూడా స్పందిస్తుంది. ఎస్.ఎం. అని పిలిచే ఒక పేషెంట్ ఉంది, ఉర్బాక్-వీథే అనే అరుదైన జబ్బు వల్ల ఆవిడకి రెండు వైపులా అమిగ్డలా పాడైపోయింది. పాములంటే నాకు పడదు అంటూనే పెంపుడు జంతువులమ్మే షాపులో పాముని చేత్తో పట్టుకుని ఆడించింది! ఇంక ఈవిడకి భయమే లేదనుకున్నారు. కానీ 2013లో వచ్చిన పరిశోధన పేపర్ చూడండి, 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలి పీల్పిస్తే ఆవిడకే పానిక్ అటాక్ వచ్చేసింది. బయట కనిపించే ప్రమాదం వేరు, లోపల ఊపిరాడకపోవడం వేరు అన్నమాట.

నిద్రరాని_పిట్ట:
అమ్మో, ఇది బాగుంది. మరి చచ్చిన బొద్దింక సంగతో?

పాత_మాస్టారు:
అదే చెప్పబోతున్నా. పాల్ రోజిన్ అనే సైకాలజిస్టు వాళ్ళు 1986లో, స్టెరిలైజ్ చేసిన చచ్చిన బొద్దింకని జ్యూస్‌లో ముంచి తీసి తాగుతారా అని అడిగారు, క్రిములేం లేవని చెప్పినా జనానికి మనసొప్పలేదు. ప్రమాదం పోతే భయం దిగిపోతుంది, అసహ్యం అలా కాదు, అది తగిలినచోటల్లా అంటుకునే ఉంటుంది.

నిద్రరాని_పిట్ట:
చదువుతుంటేనే మళ్ళీ చెయ్యి కడుక్కోవాలనిపిస్తోంది, వెళ్ళొస్తా 😅