మత్తు ఎక్కేలోపు చేతిలో భరించలేని మంట: ఇంకెవరికైనా ఇలా అయిందా?

నీలికలువ:
ఈమధ్య గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేయించుకున్నాను. అంతా బాగానే జరిగింది, కుట్లు కూడా మానిపోయాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం కోత నొప్పి కాదు. బల్ల మీద పడుకోబెట్టి, ముఖానికి మాస్క్ పెట్టి, "నిద్ర వచ్చేస్తుందమ్మా" అంటూ చేతి నరంలో పెట్టిన సన్నటి గొట్టం, అదే క్యాన్యులాలోకి ఏదో తెల్లటి మందు ఎక్కించారు. అంతే, మణికట్టు దగ్గర మొదలైన మంట లోలోపల కారం పూసినట్టు మోచేతి దాకా పాకింది. చెయ్యి లాక్కోబోతే సిస్టర్ గట్టిగా పట్టుకున్నారు. "మంట" అనేలోపే స్పృహ పోయింది. లేచాక చూసుకుంటే చేతి మీద ఎర్రదనం కూడా లేదు. ఇంట్లో చెబితే "టెన్షన్‌లో అలా అనిపించి ఉంటుందిలే" అంటున్నారు. నిజంగా టెన్షనేనా?

బక్కచెట్టు:
టెన్షన్ కాదండీ. కొలొనోస్కోపీకి (పెద్దపేగు లోపల చూసే పరీక్ష) నాకూ ఆ తెల్లటి మందే ఇచ్చారు. పంటి బిగువున ఓర్చుకున్నాను. విచిత్రం ఏమిటంటే, అంతకుముందు ఇంకోసారి అదే మందు ఇచ్చినప్పుడు ఏమీ తెలియలేదు.

రాత్రిడ్యూటీ:
నేను మత్తు విభాగంలోనే పనిచేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఆ తెల్లటి మందు పేరు ప్రొపొఫాల్. నీలికలువ గారూ, మీ ఇంట్లోవాళ్లకి చెప్పండి, ఇది ఊహ కాదు. ముందు జాగ్రత్త ఏదీ తీసుకోకుండా ఇస్తే సుమారు 60 శాతం మందికి నొప్పో మంటో తెలుస్తుంది.

ప్రొపొఫాల్ నీళ్లలో కరగదు. అందుకే సోయా నూనె, గుడ్డు సొనలోని లెసిథిన్ కలిపి ఎమల్షన్‌గా, అంటే నీళ్లలో సన్నటి నూనె బిందువులు తేలేలా తయారుచేస్తారు, ఆ తెలుపు అలా వచ్చిందే. మందులో ఎక్కువ భాగం నూనె బిందువుల్లోనే ఉంటుంది. బయట నీటి భాగంలో విడిగా మిగిలే కొద్దిపాటి మందే రక్తనాళం గోడను రేపుతుంది. చేతి వెనక ఉండే నరాలు సన్నవి, అక్కడ రక్త ప్రవాహం తక్కువ. మందు పలచబడకుండానే గోడకు తగులుతుంది. మోచేతి మడతలో ఉన్న పెద్ద నరంలో అయితే రక్తంలో త్వరగా కలిసిపోతుంది. బక్కచెట్టు గారికి ఒకసారి తెలిసి ఒకసారి తెలియకపోవడానికి క్యాన్యులా పెట్టిన చోటు ఒక కారణం అయి ఉండవచ్చు.

ఇంకో సంగతి. ఈ మందు కనిపెట్టింది జాన్ గ్లెన్ అనే పశువైద్యుడు, దానికే 2018లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది. 1977లో మనుషుల మీద మొదట పరీక్షించినప్పుడు ఇది వేరే ద్రావకంలో ఉండేది. దానివల్ల అలర్జీలు రావడంతో వెనక్కి తీసుకుని, 1986లో ఈ ఎమల్షన్ రూపంలో తెచ్చారు. అలర్జీ గొడవ చాలావరకు తీరింది కానీ మంట మాత్రం మిగిలిపోయింది.

సూటిమాట:
పొట్ట కోసి కుట్టేదానికి వెళ్లి అర నిమిషం మంట గురించి ఇంత చర్చ అవసరమా?

నీలికలువ:
అర నిమిషమే అని ముందు ఒక్క మాట చెప్పి ఉంటే నాకూ అవసరం ఉండేది కాదండీ. ఏదో తేడా జరిగిందనుకుని ప్రాణం పోయినంత పనైంది. ఆ భయంతోనే నిద్రలోకి వెళ్లాను.

రాత్రిడ్యూటీ:
సూటిమాట గారూ, తప్పించగలిగిన నొప్పి అర నిమిషమైనా ఎందుకు పడాలి? చేతి వెనక నరమే దొరికితే, పై భాగంలో పట్టీ బిగించి రక్తం కాసేపు ఆపి, లిగ్నోకెయిన్ ఇచ్చి, ఆ తర్వాత ప్రొపొఫాల్ ఇవ్వవచ్చు. లిగ్నోకెయిన్ అంటే మీ పంటి డాక్టరు వాడే తిమ్మిరి మందే. మోచేతి దగ్గర పెద్ద నరం వాడటం, లేదా ఇలా పట్టీ కట్టి లిగ్నోకెయిన్ ఇవ్వడం, పరీక్షల్లో బాగా నిలబడినవి ఈ రెండే. ప్రొపొఫాల్‌లోనే లిగ్నోకెయిన్ కలిపి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, ముందుగా ఫెంటనిల్ లాంటి నొప్పి మందు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఏది చేసినా నూటికి నూరుపాళ్లు పోతుందని మాత్రం చెప్పలేం.

మంట పెట్టేది ఇదొక్కటే కాదు. కండరాలు వదులవడానికి ఇచ్చే రోకురోనియం ఆమ్ల గుణం ఉన్న మందు. అది ఎక్కుతుంటే స్పృహ లేని మనిషి కూడా చెయ్యి వెనక్కి లాక్కోవడం థియేటర్‌లో మామూలే. లేచాక వాళ్లకి గుర్తుండదు. ఎటోమిడేట్ అనే మత్తు మందు కూడా మంట పెడుతుంది, ముఖ్యంగా ప్రొపైలిన్ గ్లైకాల్ అనే ద్రావకంలో కలిపిన రకం. కెటమిన్ అనే ఇంకో మత్తు మందుతో ఈ బాధ ఉండదు కానీ దానికి ఉండే ఇబ్బందులు దానికి ఉన్నాయి.

పిప్పిపన్ను:
నరంలోకి ఇచ్చేవే చెబుతున్నారు. అంగిలికి ఇచ్చే ఇంజెక్షన్ సంగతేమిటి? పన్ను పీకినప్పుడు ఏమీ తెలియలేదు, ఆ సూదికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

తెల్లకోటు:
దంతవైద్యం నా వృత్తి. అంగిలి దగ్గర పొర ఎముకకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. మందు పోవడానికి జాగా ఉండదు, బలంగా తోస్తే ఆ ఒత్తిడే నొప్పి. బుగ్గ వైపు పొర వదులుగా ఉంటుంది కాబట్టి అక్కడ అంత తెలియదు. అందుకే అంగిలిలో చుక్కచుక్కగా, చాలా నెమ్మదిగా ఇవ్వాలి. ఇచ్చే చోటికి పక్కన గట్టిగా నొక్కి పట్టుకున్నా బాధ తగ్గుతుంది. ముందు పైన జెల్ రాస్తే సూది గుచ్చడం కొంత తెలియకుండా పోతుంది గానీ, లోపలి ఒత్తిడికి జెల్ పనిచేయదు.

మందు మంటకి వేరే కారణం ఉంది. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ చెడిపోకుండా ఉండటానికి దాన్ని ఆమ్లంగా తయారుచేస్తారు. అందులో సోడియం బైకార్బొనేట్ కొద్దిగా కలిపినా, శరీర వేడికి వెచ్చబెట్టినా మంట తగ్గుతుంది. చర్మం మీద కుట్లు వేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. నా అనుభవంలో వీటన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది తొందరపడకపోవడం. వరసలో పదిమంది కూర్చుని ఉన్నప్పుడు అదే కష్టం.

చంటిదానిఅమ్మ:
మా పాపకి ఆపరేషన్ అప్పుడు చేతి మీద తిమ్మిరి క్రీమ్ రాసి, పైన ప్లాస్టిక్ అంటించి గంటసేపు ఉంచారు. సూది గుచ్చినా పాప ఏడవలేదు. ఆ క్రీమ్ ఇంట్లోనే రాసి తీసుకెళ్లవచ్చా?

రాత్రిడ్యూటీ:
అది లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ 2.5 శాతం చొప్పున కలిపిన క్రీమ్ అయి ఉంటుంది. డాక్టరు ఎంత, ఎక్కడ అని చెబితే రాయండి, సొంతంగా వద్దు. పసిపిల్లలకి మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి దెబ్బతినే ప్రమాదం ఉంది. సూదికి బాగా భయపడే పిల్లలకు ముందు మాస్క్ ద్వారా సెవోఫ్లురేన్ అనే పీల్చే మత్తు మందు ఇచ్చి, నిద్రపోయాక క్యాన్యులా పెట్టే పద్ధతి కూడా ఉంది.

వెన్నుపూస:
సిజేరియన్‌కి నాకు వెన్నుకి ఇచ్చారు. చర్మం మీద మొదటి చిన్న సూది చురుక్కుమంది, తర్వాత ఒత్తిడే. మధ్యలో ఒక్కసారి కుడికాలిలోకి కరెంట్ షాక్‌లా జివ్వుమంది. కదలకుండా "కుడికాలు" అని అరిచాను. డాక్టరు వెంటనే సూది సర్దారు. అలాంటప్పుడు ఓర్చుకుని ఊరుకోకూడదట, ఏ వైపు అనిపించిందో చెప్పాలని ఆవిడే అన్నారు.

రాత్రిడ్యూటీ:
సరిగ్గా చెప్పారు. చేతిలోని రక్తనాళంలోకి ఇచ్చేటప్పుడు కూడా ఇలాంటి తేడా ఒకటి ఉంది. ప్రొపొఫాల్ మంట మందు వెళ్లేటప్పుడు వచ్చి పోతుంది. ఉత్త సెలైన్ ఎక్కుతున్నప్పుడే నొప్పి పుడుతున్నా, క్యాన్యులా చుట్టూ ఉబ్బుతున్నా సూది నరంలోంచి జారి ఉండవచ్చు. అది మత్తు ఇవ్వకముందే చెప్పాలి. థయోపెంటోన్ లాంటి క్షార గుణం ఉన్న మత్తు మందు కండలోకి పోతే ఆ చోట చర్మం దెబ్బతినవచ్చు.

రేపేనా:
వచ్చేవారం నాకు భుజం ఆపరేషన్. చదువుతుంటే చెమటలు పడుతున్నాయి. మత్తు డాక్టరుతో ఏమనాలి? నేర్పించినట్టు ఉంటే కోప్పడతారేమో.

రాత్రిడ్యూటీ:
"మత్తు ఎక్కేటప్పుడు చెయ్యి మండుతుందని విన్నాను, ముందు లిగ్నోకెయిన్ ఇస్తారా?" అనండి, చాలు. గుండె కొట్టుకోవడంలో తేడాలు ఉన్నా, తిమ్మిరి మందు ఇదివరకు పడకపోయినా అదీ చెప్పండి. గుడ్డు పడకపోతే కూడా చెప్పాలి. అలాంటివాళ్లలో చాలామందికి ప్రొపొఫాల్ ఇబ్బంది పెట్టదు, అయినా డాక్టరుకి తెలిసి ఉండాలి.

రేపేనా:
చెకప్‌కి వెళ్లి అడిగాను. డాక్టరు కోప్పడలేదు సరికదా, రెండో చేతిలో నరాలు చూసి, మోచేతి మడతలో అయితే చెయ్యి వంచినప్పుడల్లా డ్రిప్ ఆగిపోతుంది, అందుకని ముంజేతికే పెడతానన్నారు. పట్టీ కట్టి లిగ్నోకెయిన్ ముందు ఇస్తారట. కేస్ షీట్‌లో కూడా రాశారు.