రూపాయి ఖర్చు లేకుండా అమ్మకు హైదరాబాద్ పాతబస్తీ చూపించడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల జిల్లాలోని ఒక పల్లె. గ్రూప్స్ పరీక్షల కోసం ఏడాదిగా అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. వచ్చే వారం మా అమ్మ, పన్నెండేళ్ల చెల్లెలు నన్ను చూడడానికి వస్తున్నారు. అమ్మ ఇంతవరకు హైదరాబాద్ చూడలేదు. ఆమె బీడీలు చుట్టి పంపే డబ్బుతోనే నా చదువు సాగుతోంది కాబట్టి, ఇక్కడికి వచ్చిన తరువాత కూడా టికెట్ల కోసం ఆమె కొంగుముడి విప్పించడం నాకు ఇష్టం లేదు. బస్సుకు ఇబ్బంది లేదు, ముగ్గురికీ మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్ వస్తుంది. అన్నం డబ్బాలో కట్టుకొని వెళ్తాము.

నిరుడు స్నేహితురాళ్లతో వెళ్లినప్పుడు చార్మినార్‌ను బయటి నుంచి చూసి, ఫోటోలు తీసుకొని, అరగంటలో తిరిగి వచ్చేశాను. డబ్బు లేనివాళ్లకు అంతకంటే చూడదగ్గది అక్కడ లేదేమోనని ఆ రోజు అనిపించింది. నిజంగా లేదా? ఒక పూర్తి రోజు గడపాలంటే ఎక్కడ మొదలుపెట్టి ఎటు నడవాలి? అమ్మకు చదువు రాదు, బోర్డులు చదివి తెలుసుకోలేదు. ఆమెకు నేను ఏమి చెప్పాలో కూడా తెలియజేయగలరు.

మొదటి సమాధానం (శాలిబండ నుంచి, విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు)

అమ్మా, పాతబస్తీలో టికెట్ పెట్టినవి కొన్నే. ఇంకా వాడుకలో ఉన్న వంతెనకు, బజారుకు, గ్రంథాలయానికి, మసీదుకు ఎవరూ టికెట్ పెట్టలేదు, మీరు చూడవలసినవి కూడా అవే. చార్మినార్ దగ్గర దిగడం వల్లనే మీకు అరగంటలో అయిపోయింది. ఈసారి అఫ్జల్‌గంజ్‌లో దిగి, మూసీ దాటి, చార్మినార్ దాకా నడిచి వెళ్లండి. దూరం రెండు కిలోమీటర్లలోపే ఉంటుంది.

బస్సు దిగగానే నది ఒడ్డున కనిపించే గొప్ప భవనం రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన సంస్థ అది. మీరు పరీక్షలకు చదువుతున్నారు కాబట్టి, ఆ పఠన మందిరంలో కూర్చొని చదివేవాళ్లను మీ అమ్మగారికి చూపించండి, మీరు రోజంతా ఏ పని చేస్తున్నారో ఆమెకు కళ్లారా తెలుస్తుంది. ఆ పక్కనే ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో, నది వైపు తోటలో, ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మంది కొట్టుకుపోయినప్పుడు, ఆ చెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఈ నగరంలో నేను ఎవరినైనా మొట్టమొదట తీసుకువెళ్లేది ఆ చెట్టు దగ్గరికే. అది ఆస్పత్రి ఆవరణ, రోగుల దారికి అడ్డం రాకుండా, గేటు దగ్గర అడిగి వెళ్లండి. ఆ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన సలహా మీదనే ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు.

నయాపూల్ వంతెన మీద నిలబడి ఒకసారి నాలుగు వైపులా చూడండి. దాటగానే కుడివైపు కనిపించే ఎర్రని గుమ్మటాలు హైకోర్టువి. ఆ భవనానికీ, మీరు చూసి వచ్చిన ఆస్పత్రికీ, సిటీ కాలేజీకీ, కాచిగూడ స్టేషన్‌కూ నమూనా గీసినవాడు ఒక్కడే, విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి. లోపలికి వెళ్లనక్కరలేదు, వంతెన మీద నుంచి చూస్తేనే అందం. ఓపిక ఉంటే నది వెంట పడమటికి నడిచి పురానాపూల్ చూడండి. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ వంతెన చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. ఇప్పుడు దాని మీద కూరగాయల అంగడి నడుస్తోంది.

మదీనా కూడలి దాటి పత్తర్‌గట్టి రాతి వరండాల నీడన నడుస్తూ వెళ్తే చార్‌కమాన్ వస్తుంది, నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ ఉంటుంది. ఆ నీటి తొట్టి దగ్గర ఆగి ఒక్కొక్క కమానునూ చూడమని చెప్పండి, చాలామంది దాన్ని కూడలి అనుకొని దాటిపోతారు.

చివరిగా లాడ్ బజార్. కొనకుండా వెళ్లడం తప్పేమో అన్న సంకోచం పెట్టుకోకండి. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ప్రధాన వీధిలో కాకుండా పక్క సందుల్లోకి వెళ్తే పనివాళ్లు కనిపిస్తారు. నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, సన్నని కడ్డీలా సాగదీసి, చుట్టి, కొసలు రెండూ వేడిమీద అతికి, చల్లారేలోపే ఒక్కొక్క రాయిని పొదుగుతారు. లక్క గట్టిపడితే రాయి నిలవదు, మరీ మెత్తగా ఉంటే మునిగిపోతుంది, ఆ మధ్య ఉన్న క్షణాన్ని వేళ్లే కనిపెట్టాలి. రోజంతా వేళ్లతో పని చేసే మీ అమ్మగారికి ఆ పనిలోని నేర్పు నాకంటే, మీకంటే బాగా అర్థమవుతుంది. ఫోటో తీసే ముందు మాత్రం వాళ్లను అడగండి.

రెండవ సమాధానం (పత్తర్‌గట్టిలో పుట్టి పెరిగిన గృహిణి)

చెల్లీ, మాస్టారు మా ఇంటి దారినే చెప్పారు, చదువుతుంటే సంతోషమైంది. ఆయన వదిలేసినది ఒకటి చెప్తాను. మదీనా నుంచి హైకోర్టు వైపు వెళ్లే దారిలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. చార్మినార్ కట్టిన కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించినది. లోపలి గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల మెరుగు పలకలు అతికించిన పని ఉంది, అంతటి రంగును నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా చూడగలగడం అదృష్టమని నేను నమ్ముతాను. కింది భాగం 1908 వరదలో పాడైంది, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో మీ అమ్మగారికి ఆ గోడ దగ్గర నిలబెట్టి చెప్పవచ్చు.

ఆమెకు ఏమి చెప్పాలని అడిగారు కదా. మీ పల్లెల్లో పీర్ల పండుగ చేస్తారు, పీర్ల కొట్టం ఉంటుంది. ఇది బాద్‌షా కట్టించిన పీర్ల కొట్టం అని చెప్పండి, ఆ ఒక్క మాట చాలు. మొహర్రం నెలలో ఇక్కడ నిలిపే అలాములనే మీ వైపు పీర్లు అంటారు. చెప్పులు బయట విడిచి, తల మీద కొంగు కప్పుకొని, లోపల ఉన్నవాళ్లను అడిగి వెళ్లండి.

మక్కా మసీదు ఆవరణలోకి కూడా డబ్బు ఇవ్వనక్కరలేదు. 1617 ప్రాంతంలో మొదలైన కట్టడం 1694లో ఔరంగజేబు కాలానికి గానీ పూర్తి కాలేదు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి, ఆ సమయం నమాజుకు వచ్చేవాళ్లది. ప్రార్థన మందిరంలోకి కాకుండా ఆవరణలో, పావురాల మధ్య, కొలను దగ్గర ఉన్న రాతి బల్ల మీద కూర్చోండి. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లు మళ్లీ హైదరాబాద్‌కు వస్తారని మా పెద్దవాళ్లు చెప్పేవారు.

మూడవ సమాధానం (మలక్‌పేట నుంచి)

పైవారు ఇద్దరూ మంచి సంగతులు చెప్పారు కానీ, ఇవన్నీ ఒక్క రోజులో పెట్టుకుంటే మీ అమ్మగారు అలసిపోతారని నా అభిప్రాయం. పురానాపూల్‌ను వదిలేయండి. ఉదయం ఎనిమిదికల్లా అఫ్జల్‌గంజ్ చేరుకోండి, దుకాణాలు పదకొండు దాటితే గానీ తెరవరు కాబట్టి ఎండ ముదరకముందే నది ఒడ్డు, కమానులు తీరికగా చూడవచ్చు. తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకువెళ్లండి. బస్సులో ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోండి, ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులే ఎక్కండి. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నన్నయ, మొల్ల, వేమన విగ్రహాల పక్కన నడుస్తూ, 1560ల నాటి హుస్సేన్ సాగర్ గాలి పీల్చుకొని అశోక్‌నగర్‌కు నడిచే వెళ్లవచ్చు.

ఇంకొక సంగతి. చార్మినార్, గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. అక్కడ 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ఏప్రిల్ 18న, ప్రపంచ వారసత్వ దినం నాడు, అందరికీ ఉచిత ప్రవేశం ఇస్తూ వస్తున్నారు. వీలైతే ఒకసారి ఆ రోజుకు పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మొన్న ఆదివారం వెళ్లి వచ్చాము. చింతచెట్టు దగ్గర అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చెట్టు మొదలును చేత్తో తాకి, కొమ్మల వైపు చూసి, "పిల్లల్ని ఎత్తుకొని ఎట్ల ఎక్కిండ్రో" అన్నది. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆషుర్‌ఖానాలో అక్కగారు చెప్పిన మాటే చెప్పాను. ఆ తరువాత నేను చెప్పనక్కరలేకపోయింది. మా ఊళ్లో పీర్లను ఎవరెవరు ఎత్తుకునేవారో, తన చిన్నప్పుడు మా అమ్మమ్మ ఏమి మొక్కుకున్నదో, అమ్మే చెల్లెలికి చెబుతూ నడిచింది. నేను కూడా ఎన్నడూ వినని సంగతులు అవి.

లాడ్ బజార్ సందులో ఒక పెద్దాయన గాజుకు రాళ్లు పొదుగుతుంటే అమ్మ పక్కన కూర్చున్నది. ఆమెకు ఉర్దూ రాదు, ఆయనకు తెలుగు కొద్దిగానే వచ్చు. ఆయన తన బొటనవేలి మీద వేడికి గట్టిపడిన చర్మం చూపిస్తే, అమ్మ తన చూపుడువేలి మీద దారం కోసిన గీతలు చూపించింది. ఆయన మాకు చాయ్ తెప్పించి, డబ్బు తీసుకోలేదు. మక్కా మసీదులో రాతి బల్ల మీద ముగ్గురమూ కూర్చున్నాము. పురానాపూల్ మిగిలిపోయింది, గోల్కొండ కూడా. ఏప్రిల్ 18కి మళ్లీ రమ్మని అమ్మకు చెప్పాను, ఆ వారం ఆకు, తంబాకు ఎప్పుడిస్తారో కార్ఖానాలో అడిగి చెబుతానన్నది.