నిర్ధారణ తేలేలోగా నడక తగ్గిపోతోంది

ప్రశ్న (రాయగడ): ఎనిమిది నెలలుగా కాళ్లు బిగుసుకుపోతున్నాయి. మొదట్లో ఎడమ చెప్పు నాకు తెలియకుండానే జారిపోయేది, ఇప్పుడు గోడ పట్టుకోనిదే పెరటి గడప దాటలేకపోతున్నాను. విశాఖలో ఎమ్మారై తీశారు, నరాల పరీక్షకు వచ్చే నెల రమ్మన్నారు. అంతవరకు ఎలా నెట్టుకురావాలి?

జవాబు (పర్లాకిమిడి): మెడలో వెన్నుపాము నొక్కుకుపోయినా కాళ్లు బిగుసుకోవచ్చు కనుక, ఎమ్మారై నడుముకే తీశారా, మెడకు కూడా తీశారా అని అడగండి. విటమిన్ బి12 రక్తపరీక్ష కూడా చేయించండి. మూత్రంపై పట్టు తప్పితే మాత్రం తేదీ కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

జవాబు (బరంపురం): చేతికర్రకు నిర్ధారణ అక్కరలేదండీ. పిడి మణికట్టు ఎత్తున ఉండాలి, బలమున్న కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. (నేను ఆరు నెలలు తప్పు చేత్తోనే పట్టుకున్నాను.)

ప్రశ్న అడిగినవారు: నడుముకే తీశారండీ. మెడ సంగతి రేపే అడుగుతాను.