భూపటలం, శిలావరణం: రెండూ ఒకటేనా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. భూపటలం అన్నా శిలావరణం అన్నా ఒకటేనని నోట్సులో రాసుకొచ్చింది. నిజమేనా అండి?

జవాబు: కాదండి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే పిల్లలకి పలకల కదలిక పాఠం (భూమి పైభాగం పలకలనే పెద్ద ముక్కలుగా విడిపోయి మెల్లగా జరగడం) సరిగా ఎక్కడం లేదని నా గట్టి నమ్మకం.

పటలం అంటే పైన కమ్మిన పొర. మేఘపటలం అంటాం కదా, అదే. భూపటలం, అంటే క్రస్ట్, రాయి రకాన్ని బట్టి గీసిన హద్దు. సముద్రాల అడుగున 6-7 కి.మీ. మందమే ఉంటుంది, ఖండాల కింద సగటున 35-40, టిబెట్ కిందైతే 70 దాకా పోతుంది. అంత లోతుకి ఎవరూ తవ్వలేదు, మరి హద్దు ఎలా తెలిసింది? 1909లో క్రొయేషియాలో భూకంపం వచ్చింది. ఆ రికార్డులు చూసిన అక్కడి శాస్త్రవేత్త మొహొరొవిచిచ్‌కి ఒకే భూకంపం అలలు రెండు జట్లుగా కనబడ్డాయి. ఒక జట్టు పైపొరలోనే నేరుగా వచ్చింది. రెండోది లోతుకి దిగి, అక్కడి బరువైన రాతిలో వేగం పుంజుకుని, దూరపు స్టేషన్లకి చుట్టుదారిలో వచ్చి కూడా ముందే చేరింది. అలా రాయి మారే చోటే భూపటలం అడుగు. ఎంత అందమైన ఆలోచనో చూడండి!

శిలావరణం లెక్క వేరు. పాత పుస్తకాల్లో ఆశ్మావరణం అని ఉండేది. దీనికి కొలత గట్టిదనం. భూపటలం మొత్తం, దాని కింద ప్రావారంలో గట్టిగా ఉన్న పైభాగం, రెండూ కలిస్తే శిలావరణం. మందం సుమారు 100 కి.మీ., పురాతన ఖండాల కింద ఇంకా ఎక్కువ. పలకలుగా కదిలేది ఇదంతా కలిపి.

ప్రశ్న: ప్రావారం అంటే లోపలి లావాయేనా?

జవాబు: ప్రావారం అంటే ఒంటిమీద కప్పుకునే పైబట్ట. భూమి నడిమధ్యన ఉన్న కేంద్రాన్ని, అంటే కోర్‌ని, కప్పి ఉంది కాబట్టి ఆ పేరు. అది లావా కాదు, అక్కడక్కడ కాస్త కరిగిన చోట్లున్నా దాదాపు అంతా ఘనమైన రాయే. వేడికి మెత్తబడి చాలా నెమ్మదిగా సాగుతుంది. భూకంపం అలల్లో ఎస్ తరంగాలనే రకం ద్రవంలోంచి పోలేదు. అవి ప్రావారంలోంచి హాయిగా పోతాయి, ద్రవంగా ఉన్న బయటి కేంద్రం దగ్గరే ఆగిపోతాయి. పాప నోట్సులో ‘కరిగిన రాయి’ అని ఉంటే దాన్నీ దిద్దించండి.